ఇంగ్లీషు నామవాచకం ముందు ఏం పెట్టాలి? డిటర్మినర్లు వాడే పద్ధతి

గోదావరి దాటడానికి సఖినేటిపల్లి రేవులో నిలబడి "పంటు (దాటించే పెద్ద పడవ) వచ్చింది" అంటే తెలుగులో వాక్యం పూర్తయిపోయింది. మనం ఎదురుచూస్తున్న పంటేనా, ఇంకోటా అన్నది పక్కవాళ్ళు సందర్భాన్ని బట్టి అర్థం చేసుకుంటారు. అదే ముక్క ఇంగ్లీషులో 'ఫెర్రీ హ్యాజ్ కమ్' అని వదిలేస్తే కుదరదు. 'ఎ ఫెర్రీ' అనాలి, లేదా 'ది ఫెర్రీ' అనాలి, కాదంటే 'అవర్ ఫెర్రీ' అనో 'దట్ ఫెర్రీ' అనో అనాలి. ఏదో ఒకటి పెట్టి తీరాలి. ఇలా నామవాచకం ముందు నిలబడి అది ఏది, ఎవరిది, ఎన్ని, ఎంత అన్నది తేల్చే మాటల్ని డిటర్మినర్లు అంటారు.

బళ్ళో వీటిని ముక్కలు చేసి చెబుతారు. ఎ, యాన్, ది ఒక పాఠం. దిస్, దట్, దీజ్, దోజ్ ఇంకో పాఠం. మై, యువర్, హిజ్, హర్ మరోటి. సమ్, ఎనీ, మెనీ, మచ్ ఎప్పుడో ఏడాది చివర్లో వస్తాయి. ఖాళీలు పూరించే పరీక్షకి ఆ పద్ధతి సరిపోతుంది. సొంతంగా ఒక మెయిల్ రాయాల్సి వచ్చినప్పుడు మాత్రం టెన్షన్ మొదలవుతుంది, ఎందుకంటే అక్కడ ఖాళీ ఎక్కడుందో ఎవరూ గీత గీసి చూపించరు. అందుకే ఇక్కడ పాఠాల వరుస పక్కన పెట్టి, ఒక నామవాచకం రాయబోతున్నప్పుడు ఏయే ప్రశ్నలు వేసుకోవాలో ఆ వరుసలో చెబుతాను. వీటిలో చాలా ప్రశ్నలకు జవాబు మీ తెలుగులోనే ఉంది.

మొదటి మెట్టు: దీనికి కౌంట్ ఉందా?

భీమవరం వైపు చెరువులు చేసేవాళ్ళకి ఈ మెట్టు విడిగా నేర్పక్కర్లేదు. రొయ్యకి కౌంట్ ఉంటుంది. వంద కౌంట్ అంటే కిలోకి వంద తూగినట్టు. చెరువులో నీళ్ళకి కౌంట్ ఉండదు, మేతకీ ఉండదు; మేత బస్తాలకి ఉంటుంది. ఇంగ్లీషు నామవాచకాలు కూడా ఇంతే: లెక్కపెట్టేవి, పెట్టనివి. 'ప్రాన్', 'పాండ్', 'బ్యాగ్' లెక్కపెట్టేవి. 'వాటర్', 'ఫీడ్', 'ఆక్సిజన్' లెక్కపెట్టనివి.

తెలుగులో "ఎన్ని" అని అడిగేవి లెక్కపెట్టేవి, "ఎంత" అని అడిగేవి కానివి. ఎన్ని కొబ్బరికాయలు, ఎంత నూనె. ఎక్కువసార్లు ఈ పరీక్ష నిలుస్తుంది. బోల్తా కొట్టించే మాటలు కొన్నున్నాయి, వాటి దగ్గర ఆగండి. నీళ్ళు, పాలు, డబ్బులు, వడ్లు తెలుగులో బహువచనాలు. "ఈ నీళ్ళు ఉప్పగా ఉన్నాయి" అన్న అలవాటుతో 'దీజ్ వాటర్ ఆర్ సాల్టీ' అని రాసేస్తాం. ఇంగ్లీషులో వాటర్ ఏకవచనంలాగే నడుస్తుంది: 'దిస్ వాటర్ ఈజ్ సాల్టీ'. మిల్క్, మనీ, ప్యాడీ కూడా అంతే. సలహాలు, సామాన్లు, సమాచారాలు, పనిముట్లు అన్నవి మనకి లెక్కకి వస్తాయి. 'అడ్వైస్', 'లగేజ్', 'ఇన్ఫర్మేషన్', 'ఎక్విప్‌మెంట్' మాత్రం రావు. వాటికి చివర ఎస్ తగిలించకూడదు, ముందు 'ఎ' పెట్టకూడదు. ఒక సలహా అనాలంటే 'ఎ పీస్ ఆఫ్ అడ్వైస్'.

కొన్ని మాటలు రెండు వైపులా ఉంటాయి. 'ఎ చికెన్' అంటే దొడ్లో తిరిగే కోడి, ఉత్త 'చికెన్' అంటే కూర. భోజనానికి వెళ్ళొచ్చి 'ఐ ఏట్ ఎ చికెన్' అన్నారంటే కోడిని మొత్తం మీరొక్కరే లాగించారని అర్థం. 'ఎ కోకోనట్' కాయ, ఉత్త 'కోకోనట్' పచ్చట్లో వేసే కోరు.

ఇప్పుడు ఈ వ్యాసం మొత్తంలో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే గుర్తుంచుకోవాల్సిన సూత్రం: లెక్కపెట్టగలిగే నామవాచకం ఏకవచనంలో ఒంటరిగా నిలబడదు. 'బోట్' అని రాశారంటే ముందు ఏదో ఒక డిటర్మినర్ ఉండాలి. మనవాళ్ళు రాసే ఇంగ్లీషులో నాకు కనిపించే తప్పుల్లో పెద్ద వాటా ఇదే. బహువచనం ఒంటరిగా నిలబడుతుంది, 'బోట్స్' అనొచ్చు. లెక్కపెట్టనిదీ నిలబడుతుంది, 'వాటర్' అనొచ్చు. ఉత్త 'బోట్' నిలబడదు. బై బస్, ఆన్ ఫుట్, ఎట్ హోమ్, ఎట్ నైట్, ఆఫ్టర్ లంచ్ లాంటి కొన్ని అలవాటు మాటలకే మినహాయింపు. స్కూలు విషయంలో చిన్న తేడా ఉంది: చదువుకోవడానికి పిల్లాడు వెళ్తే 'హి వెంట్ టు స్కూల్', పేరెంట్స్ మీటింగుకి వాళ్ళ నాన్న వెళ్తే 'హి వెంట్ టు ది స్కూల్'.

ఉద్యోగాల దగ్గర కూడా ఇదే సూత్రం. "మా అన్నయ్య లెక్చరర్" అన్న ఊపులో 'మై బ్రదర్ ఈజ్ లెక్చరర్' అంటాం. 'మై బ్రదర్ ఈజ్ ఎ లెక్చరర్' అనాలి. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నకే వచ్చే వాక్యం కాబట్టి దీన్ని నోటికి అలవాటు చేసుకోండి.

రెండో మెట్టు: అది ఏదన్నది వినేవాళ్ళకి తెలుసా?

'ఎ' పెట్టాలా, 'ది' పెట్టాలా అన్నది ఈ ఒక్క ప్రశ్న తేలుస్తుంది. ఆ వస్తువు మీకు తెలిస్తే చాలదు, చదివేవాళ్ళు కూడా "ఓహో, అదా" అనుకోగలగాలి. అనుకోగలిగితే 'ది', లేకపోతే 'ఎ'. ఈ వాక్యాలు చూడండి: 'సర్ ఆర్థర్ కాటన్ బిల్ట్ యాన్ ఆనికట్ ఎట్ ధవళేశ్వరం. ది ఆనికట్ వాజ్ కంప్లీటెడ్ ఇన్ 1852.' మొదటిసారి ఆనకట్ట మాట కొత్తగా వచ్చింది కాబట్టి 'యాన్'. రెండోసారికి ఏ ఆనకట్టో తెలిసిపోయింది కాబట్టి 'ది'.

అలాగని 'ది' పెట్టడానికి ముందే ఒకసారి చెప్పి ఉండాలని లేదు. మీ ఊరివాళ్ళతో మాట్లాడుతూ 'నియర్ ది కెనాల్' అనొచ్చు, ఊరికి కాలవ ఉందనీ అది ఏదనీ వాళ్ళకి తెలుసు. లారీ ఆగిపోయిందని చెప్పి 'ది డ్రైవర్' అనొచ్చు, లారీ అన్నాక డ్రైవరుంటాడు కదా. హైదరాబాదులో ఉన్న కొత్త ఆఫీసరుకి రాసే మెయిల్లో మాత్రం మొదటిసారే 'ది కెనాల్' అంటే ఆయన ఏ కాలవ అని వెతుక్కుంటాడు. 'ఎ కెనాల్ బిహైండ్ అవర్ ఫార్మ్' అని మొదలుపెట్టి, తర్వాత 'ది కెనాల్'లోకి దిగండి. ఒకటే ఉండేవాటికి, ఎక్కువమంది చెప్పకుండానే 'ది' పెట్టేవాటికి పెద్దగా ఆలోచన అక్కర్లేదు: ది సన్, ది సీ, ది ఫస్ట్ క్రాప్, ది బెస్ట్ ప్రైస్.

మన భాషలో ఇందుకు ఒక చిన్న ఆనవాలుంది. "పుస్తకం కొన్నాను. పుస్తకాన్ని రాత్రికే చదివేశాను." మొదటి వాక్యంలో ఉత్త "పుస్తకం", రెండో దాంట్లో "పుస్తకాన్ని". ప్రాణం లేని వస్తువుకి మీ నోటికి సహజంగా ని, ను తగిలిందంటే అక్కడ 'ది' పడే అవకాశం ఎక్కువ. తగల్లేదంటే 'ఎ' కావచ్చు. మనుషుల దగ్గర ఈ ఆనవాలు పనిచేయదు, "మనిషిని చూశాను" అని ఎలాగూ ని పెడతాం.

అన్నిటి గురించీ కలిపి మాట్లాడేటప్పుడు 'ది' వద్దు. 'ప్రాన్స్ నీడ్ ఆక్సిజన్' అంటే లోకంలోని రొయ్యలన్నిటికీ ఆక్సిజన్ కావాలని. 'ది ప్రాన్స్ నీడ్ ఆక్సిజన్' అంటే ఈ చెరువులో రొయ్యలకి, ఏరేటర్ (నీళ్ళలో గాలి కలిపే యంత్రం) వేయండి అని. రెండో వాక్యం విని మనిషి పరిగెత్తాలి, మొదటిది విని తలూపితే చాలు. భయంతో ప్రతి మాటకీ ముందు 'ది' చల్లేసేవాళ్ళు ఉంటారు, 'ది కోకోనట్ వాటర్ ఈజ్ గుడ్ ఫర్ ది హెల్త్' అంటూ. అక్కడ రెండు 'ది'లూ తీసేయాలి. నా లెక్కలో 'ది' మర్చిపోవడం కన్నా అక్కర్లేని చోట పెట్టడమే ఎక్కువ ఇబ్బంది. చదివేవాళ్ళు ఏదో ఫలానా కొబ్బరినీళ్ళ గురించి చెబుతున్నారని వెనక్కి వెళ్ళి వెతుకుతారు.

ఇక "ఒక" సంగతి. "ఒకాయన వచ్చాడు" అని మనసులో అనుకుని 'వన్ మ్యాన్ కేమ్' అంటాం. అక్కడ 'ఎ మ్యాన్' చాలు. ఇద్దరు కాదు, ఒక్కడే అని నొక్కి చెప్పాలంటేనే 'వన్'. ఇంకో తమాషా, "ఒక పాతికమంది వచ్చారు" అంటాం. ఆ "ఒక"కి సుమారుగా అని అర్థం. దాన్ని 'ఎ ట్వంటీ ఫైవ్ పీపుల్' అని దింపకండి, 'ఎబౌట్ ట్వంటీ ఫైవ్ పీపుల్' అనండి. 'సమ్ ట్వంటీ ఫైవ్ పీపుల్' అన్నా ఒప్పే.

మూడో మెట్టు: ఎ, యాన్

ఇది చిన్న మెట్టు. అచ్చులైన ఎ, ఇ, ఐ, ఓ, యు అక్షరాలతో మొదలైతే 'యాన్' అని చెప్పిన పాఠం మర్చిపోండి, స్పెల్లింగుతో పనిలేదు. పక్క మాటని తెలుగులో రాసుకోండి. అచ్చుతో మొదలైతే 'యాన్', హల్లుతో మొదలైతే 'ఎ'. యూనిఫామ్‌లో మొదటిది య, కాబట్టి 'ఎ యూనిఫామ్'. వన్ డే ట్రిప్‌లో వ, కాబట్టి 'ఎ వన్ డే ట్రిప్'. గంట అనే అవర్‌కి, నిజాయితీ గల అనే ఆనెస్ట్‌కి ముందు హెచ్ ఉన్నా పలకదు, తెలుగులో రాస్తే అచ్చే కనిపిస్తుంది: 'యాన్ అవర్', 'యాన్ ఆనెస్ట్ మ్యాన్'. పొట్టి పేర్లకీ ఇదే దారి. ఎమ్మెల్యే, ఎమ్మార్వో, ఎస్సై, ఆర్టీసీ బస్సు, ఎల్‌ఐసీ పాలసీ అన్నిటికీ 'యాన్'. యూపీఐ పేమెంటుకి 'ఎ'.

ఒక్క జాగ్రత్త. మాట్లాడేటప్పుడు మనం ఎగ్‌ని "యెగ్" అనీ ఓల్డ్‌ని "వోల్డ్" అనీ అంటుంటాం. ఆ య, వ మన నాలుక కలుపుకున్నవి, లెక్కలోకి తీసుకోకండి. పక్క మాట అంటే నామవాచకమే కానక్కర్లేదు, మధ్యలో విశేషణం వస్తే దాన్ని చూడాలి: 'ఎ బోట్', కానీ 'యాన్ ఓల్డ్ బోట్'. 'ది' మాత్రం రాతలో ఎక్కడైనా ఒకటే. పలకడంలో హల్లుకి ముందు "ద" లాగా, అచ్చుకి ముందు "ది" లాగా వస్తుంది.

నాలుగో మెట్టు: సీటు ఒక్కటే

నామవాచకం ముందున్న ఆ చోటు బస్సులో కర్చీఫ్ వేసి ఆపిన సీటులాంటిది. ఎ, ది, దిస్, దట్, మై, అవర్, ఎవ్రీ, ఈచ్, నో, వీటిలో ఒకటి కూర్చుందంటే రెండోది నిలబడాల్సిందే. 'ది మై హౌస్', 'దిస్ మై బోట్', 'ఎ మై ఫ్రెండ్' కుదరవు.

తెలుగులో ఈ ఇబ్బంది లేదు. "మా ఆ పాత పడవ" అని హాయిగా అంటాం, రెండూ పక్కపక్కనే ఉంటాయి. ఇంగ్లీషులో ఒకదాన్ని వెనక్కి పంపాలి: 'దట్ ఓల్డ్ బోట్ ఆఫ్ అవర్స్'. "మా ఫ్రెండొకడు" అంటే 'ఎ ఫ్రెండ్ ఆఫ్ మైన్'. "మా ఫ్రెండ్స్‌లో ఒకడు" అంటే 'వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్'. ఇందులో 'ఫ్రెండ్స్' బహువచనం అని మర్చిపోకండి, తెలుగులో మనం "ఫ్రెండ్స్‌లో" అనే అంటున్నాం కదా. 'వన్ ఆఫ్ మై ఫ్రెండ్' అని ఎందుకు రాస్తారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

"మా అక్కావాళ్ళ ఇల్లు" అంటే 'మై సిస్టర్ దెయిర్ హౌస్' కాదు, 'మై సిస్టర్స్ హౌస్'. ఆ 'మై సిస్టర్స్' అన్నదే మొత్తంగా సీటులో కూర్చుంది కాబట్టి ముందు 'ది' రాదు.

ఇంటి సంగతులు చెప్పేటప్పుడు "మా" దగ్గర చూసుకోవాలి. ఒక్కళ్ళమే మాట్లాడుతున్నా "మా అమ్మ, మా నాన్నగారు, మా ఆవిడ" అంటాం. దాన్ని అలాగే దింపితే 'అవర్ ఫాదర్' అవుతుంది. పక్కన మీ తమ్ముడు కూడా కూర్చుని ఉంటే సరే, ఇంటర్వ్యూలో మీరొక్కరే ఉన్నప్పుడు 'మై ఫాదర్' అనాలి. 'అవర్ వైఫ్' గురించి నేను చెప్పక్కర్లేదు. ఊరికి మాత్రం 'మై విలేజ్', 'అవర్ విలేజ్' రెండూ నప్పుతాయి.

సీటుకి ముందు నిలబడే హక్కున్నవి ముఖ్యంగా మూడున్నాయి: ఆల్, బోత్, హాఫ్. 'ఆల్ ది బోట్స్', 'బోత్ మై బ్రదర్స్', 'హాఫ్ ది క్రాప్'. అంకెలు సీటు వెనక నిలబడతాయి: 'మై టూ బ్రదర్స్', 'ఆల్ దీజ్ త్రీ పాండ్స్'.

అయిదో మెట్టు: ఎన్ని, ఎంత

మెనీ, ఫ్యూ "ఎన్ని" వైపువి. మచ్, లిటిల్ "ఎంత" వైపువి. సమ్, ఎనీ, ఆల్, నో రెండు వైపులా నడుస్తాయి. ఎవ్రీ, ఈచ్ తర్వాత ఏకవచనమే, "ప్రతి ఇల్లు" అన్నట్టే 'ఎవ్రీ హౌస్'. ఇందులో మనకి కొత్తేమీ లేదు.

చూసుకోవాల్సింది 'ఫ్యూ'కీ 'ఎ ఫ్యూ'కీ ఉన్న తేడా. 'వి హ్యావ్ ఎ ఫ్యూ బ్యాగ్స్ ఆఫ్ ఫీడ్' అంటే ఏవో నాలుగు బస్తాలున్నాయి, ఇవాళ్టికి గడిచిపోతుంది. 'వి హ్యావ్ ఫ్యూ బ్యాగ్స్ ఆఫ్ ఫీడ్' అంటే లేనట్టే, వెంటనే పంపండి. లిటిల్, ఎ లిటిల్ కూడా ఇదే వరస. మేత అయిపోవచ్చిందని చెప్పబోయి 'ఎ ఫ్యూ' రాశారంటే అవతలివాళ్ళు కంగారేం లేదనుకుని రేపు చూద్దామంటారు.

ఆరో మెట్టు: పేర్లు

పేర్లకి మామూలుగా డిటర్మినర్ అక్కర్లేదు. రాజమండ్రి, అమలాపురం, యానాం, కోనసీమ, అన్నీ ఉత్తవే. నదులకి మాత్రం 'ది' కావాలి: 'ది గోదావరి'. ధవళేశ్వరం దిగువన చీలాక వచ్చే పాయలకీ అంతే, 'ది గౌతమి', 'ది వశిష్ఠ', 'ది వైనతేయ'. అవి వెళ్ళి కలిసే సముద్రం 'ది బే ఆఫ్ బెంగాల్'. కాలవలకి, డెల్టాకి, బ్యారేజీకి కూడా 'ది': 'ది ఏలూరు కెనాల్', 'ది గోదావరి డెల్టా', 'ది ధవళేశ్వరం బ్యారేజ్'. సరస్సుకి అక్కర్లేదు, 'కొల్లేరు లేక్' అంటే చాలు.

అంటే ఒక్క గోదావరి పేరే నాలుగు రకాలుగా నడుస్తుంది. పుష్కరాలకి మునిగేది 'ఇన్ ది గోదావరి'. పక్కింటి పాప పేరు గోదావరి అయితే 'గోదావరి ఈజ్ స్లీపింగ్'. విశాఖ నుంచి హైదరాబాదు వెళ్ళే రైలు 'ది గోదావరి ఎక్స్‌ప్రెస్'. జిల్లా అయితే 'ఈస్ట్ గోదావరి డిస్ట్రిక్ట్', 'ది' లేదు. పాపకి 'ది' పెడితే నది నిద్రపోతోందనుకుంటారు.

మధ్యలో 'ఆఫ్' ఉన్న పేరుకి చాలావరకు 'ది' వస్తుంది, పేరు ముందుంటే రాదు. 'ఆంధ్రా యూనివర్సిటీ', కానీ 'ది యూనివర్సిటీ ఆఫ్ హైదరాబాద్'. రెజ్యూమే రాసేటప్పుడు ఇది ఉపయోగపడుతుంది.

ఏడో మెట్టు: రాసింది దిద్దుకోవడం

రాస్తున్నప్పుడే ఇవన్నీ ఆలోచిస్తే పెన్ను కదలదు. ముందు రాసేయండి. తర్వాత పెన్సిలు తీసుకుని నామవాచకాల కింద మాత్రమే గీత గీయండి, క్రియల జోలికి వెళ్ళొద్దు. గీత గీసిన ప్రతి మాట దగ్గరా లెక్కపెట్టేదా, ఏకవచనమా, ముందు సీటులో ఎవరైనా ఉన్నారా అని చూడండి. సీటు ఖాళీగా ఉంటే రెండో మెట్టు ప్రశ్న వేయండి.

ఒక చెరువు సూపర్‌వైజర్ కంపెనీకి ఇలా రాశాడనుకుందాం: 'పాండ్ హ్యాజ్ ప్రాబ్లమ్. ఏరేటర్ ఈజ్ నాట్ వర్కింగ్. వర్కర్ ఈజ్ ఆన్ లీవ్. ప్లీజ్ సెండ్ టెక్నీషియన్ విత్ ఎక్విప్‌మెంట్స్.'

'పాండ్' లెక్కపెట్టేది, ఏకవచనం, సీటు ఖాళీ. అతని దగ్గర చాలా చెరువులున్నాయి, ఇది ఏదన్నది కంపెనీకి తెలియదు. 'వన్ ఆఫ్ అవర్ పాండ్స్' అనాలి. 'ప్రాబ్లమ్' మొదటిసారి వస్తోంది, 'ఎ ప్రాబ్లమ్'. ఏరేటర్ ఆ చెరువుదే, ఒకటే ఉంటే 'ది ఏరేటర్', నాలుగుంటే 'వన్ ఆఫ్ ది ఏరేటర్స్'. దాన్ని చూసుకునే మనిషి ఒకడే ఉంటే 'అవర్ వర్కర్'. 'ఆన్ లీవ్' అలవాటు మాట, కదపక్కర్లేదు. 'ఎక్విప్‌మెంట్స్'లో ఎస్ తీసేసి 'ది రైట్ ఎక్విప్‌మెంట్' అనొచ్చు.

దిద్దాక: 'వన్ ఆఫ్ అవర్ పాండ్స్ హ్యాజ్ ఎ ప్రాబ్లమ్. ది ఏరేటర్ ఈజ్ నాట్ వర్కింగ్. అవర్ వర్కర్ ఈజ్ ఆన్ లీవ్. ప్లీజ్ సెండ్ ఎ టెక్నీషియన్ విత్ ది రైట్ ఎక్విప్‌మెంట్.'

టెక్నీషియన్ దగ్గర వ్యాకరణం ప్రకారం రెండూ ఒప్పే. ఎవరొచ్చినా ఫర్వాలేదంటే 'ఎ టెక్నీషియన్'. కిందటి నెల వచ్చి బాగుచేసిన అతనే రావాలంటే 'ది టెక్నీషియన్ హూ కేమ్ లాస్ట్ మంత్'. ఉత్త 'ది టెక్నీషియన్' అని రాస్తే మాత్రం కంపెనీవాళ్ళు ఎవరండీ అని తిరిగి ఫోన్ చేస్తారు.